దొంగచీమ: ఆనవాళ్లు, ఆహారము

విత్తిన గింజ మొలవకున్నచో రైతు మొదట గింజను దూషించును. పిమ్మట వానను దూషించును. ఆ పిమ్మట గొఱ్ఱు పట్టిన కూలివానిని దూషించును. సాలు త్రవ్వి, గింజ యేమైనదో కన్నులార చూచువారు తక్కువ. అట్లు చూచినవారికి ఒక్కొక్కప్పుడు పైపొట్టు మాత్రము మిగిలి, లోని పప్పంతయు తొలిచివేయబడిన గింజలు కనబడును. ఇట్టి పని చేయు పురుగులు పెక్కు గలవు. వానిలో మిక్కిలి చిన్నదియు, సామాన్యముగా ఎవరి కంటను పడనిదియు నగు నొక చీమను గుఱించి యీ వ్యాసమున మనవి చేయదలచితిమి. ఆంగ్లేయభాషలో దానికి 'దొంగచీమ' యని యర్థమిచ్చు పేరు గలదు. మేమును ఆ పేరుతోనే దానిని వ్యవహరింతుము.

ఇది మన నాటి చీమ కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో విస్తారముగా నుండునది. శాస్త్రజ్ఞులు దీనిని సోలెనాప్సిస్ మొలెస్టా యందురు. థామస్ సే అను ప్రకృతిశాస్త్రవేత్త 1836లో దీనిని వర్ణించి పేరు పెట్టెను. లాటిను భాషలో 'మొలెస్టా' యనగా వేధించునది యని యర్థము. దీనికి తోబుట్టువు వంటి సోలెనాప్సిస్ ఫ్యూగాక్స్ అను మఱియొక దొంగచీమ ఐరోపాఖండమున గలదు. అది 1798 నుండియు శాస్త్రజ్ఞుల కెఱుకైనదే.

దూరదేశపు చీమ ముచ్చట మనకేల యని చదువరులు అడుగవచ్చును. అందుకు మూడు కారణములు గలవు. మొదటిది, ఆ చీమ అమెరికాలో రైతులను ఏడిపించినది మన యన్నపు పంటయైన జొన్నచేలలోనే. రెండవది, మన గట్లమీద కాపురముండి కాలికి నిప్పంటించు కొఱివిచీమ దానికి దగ్గఱి చుట్టము. మూడవది, ఏ పురుగునైనను దాని తిండిని బట్టి తెలిసికొని, ఆ తెలివితోనే దానిని అణచు పద్ధతికి ఈ చీమకంటె మంచి పాఠము దొరకదు.

ఆనవాళ్లు

దొంగచీమ పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు మొదలు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు వఱకు నుండును. అనగా అంగుళములో పదునాఱవ వంతునకు కొంచె మించుమించు. నువ్వుగింజ ప్రక్కన నుంచి చూచినచో చీమయే చిన్నదిగా కనబడును. రంగు లేతపసుపు మొదలు లేతగోధుమవన్నె వఱకు. ఒడలు నున్నగా మెఱయుచుండును. పనిచీమలన్నియు నించుమించుగ ఒకే పరిమాణము గలవి. వానిలో పెద్ద తల గల 'బంటు' చీమలుండవు. కన్నులు సూదిమొనతో పెట్టిన చుక్కల వలె నుండును. రాణి మాత్రము పనిచీమకంటె ఎన్నో రెట్లు పెద్దది.

పసుపువన్నె సన్నచీమ లన్నియు దొంగచీమలు కావు. కనుక రంగును, పొడవును చూచి తీర్పు చెప్పరాదు. పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దము ఒకటి కావలెను. ఒక చీమను తెల్లకాగితముమీద జిగురుపట్టీతో అంటించి, మూడు సంగతులు వరుసగా చూడవలెను.

మొదట నడుము. దొంగచీమ నడుమునకు రెండు కణుపులుండును. ఒక్క కణుపే యున్నచో, లేక కణుపే కనబడకున్నచో, అది వేఱొక ఉపకుటుంబపు చీమ. రెండవది వీపు. దీని వీపు చివర ముండ్లుండవు. మూడవది మీసము. ఇదియే ముఖ్యమైన సాక్ష్యము. దొంగచీమ మీసమునకు పది కీళ్లు. అందు చివరి రెండును ఉబ్బి గదవలె నుండును.

దీనితో పొరబడుటకు వీలైనది ఫారోచీమ. మోనోమోరియం ఫారోనిస్ అను నీ చీమ భూమండలమందంతట ఇండ్లలోను, వైద్యశాలలలోను వ్యాపించియున్నది. పొడవు, రంగు దొంగచీమను పోలియే యుండును. కాని దాని మీసమునకు పండ్రెండు కీళ్లు. గద మూడు కీళ్లది. మఱియొకటి మన యిండ్లలో చక్కెర డబ్బాల చుట్టు తిరుగు సన్నచీమ: తల నల్లన, పొట్ట పాలిపోయిన తెలుపు. వ్రేళ్లతో నలిపినచో కుళ్లిన కొబ్బరి వంటి వాసన వచ్చును. దాని నడుము కణుపు పొట్ట క్రింద దాగి కనబడదు. ఈ మూటిని కలగలిపి 'సన్నచీమ' యని యొకే మందు పెట్టువారికి మందు ఖర్చు మిగులునే కాని ఫలము దక్కదు. ఒకటి మరిగిన తిండి మఱియొకదానికి రుచింపకపోవచ్చును.

దొంగతనము

చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరునని మనవారు సామెత చెప్పుదురు. చీమల పుట్టలో చీమలే దొంగలై చేరుట దీని విశేషము. దొంగచీమ తనకంటె పెద్దవైన చీమల పుట్టల ప్రక్కనే తన పుట్టను కట్టును. అచ్చటినుండి వెండ్రుకవాసి సొరంగములను త్రవ్వి, పెద్దచీమలు తమ గ్రుడ్లను, పిల్లపురుగులను దాచుకొను గదులలోనికి కన్నము వేయును. అవకాశము చూచి, ఆ గ్రుడ్లను, పిల్లలను ఎత్తుకొనిపోయి భక్షించును. ఇల్లు గలవారు వెంటబడినను ఆ సన్నని సొరంగములో వారి తల కూడ పట్టదు.

ఇల్లు గలవారు లోపలనే యుండగా దోపిడి యెట్లు జరుగుననుటకు 1973లో బెర్ట్ హోల్డాబ్లర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు సమాధానము చూపెను. ఐరోపా దొంగచీమ తన విషపుతిత్తినుండి ఒక ద్రవమును వెడలించును. దాని వాసనకు పెద్దచీమలు దగ్గఱకు రాలేక తొలగిపోవును, పిల్లలను కాపాడుకొనజాలవు. కన్నము వేయుటకు చిన్న యొడలు, కావలివారిని తొలగించుటకు విషము, ఈ రెండును ఈ దొంగకు పుట్టుకతో వచ్చిన పనిముట్లు.

అయినను దొంగతనమొక్కటే దీని జీవనము కాదు. అమెరికా దొంగచీమ రాళ్ల క్రింద, మట్టిలో, కుళ్లిన కఱ్ఱలో విడిగా కూడ కాపురముండగలదు. ఒక్కొక్క పుట్టలో కొన్ని వందల మొదలు కొన్నివేల వఱకు పనిచీమలు, తఱచుగా ఒకటికంటె నెక్కువ రాణులు నుండును. ఇండ్లలో గోడ బీటలలో చేరి వంటయింటి మీద పడుటయు గలదు.

తిండి

చీమ యనగానే మనకు బెల్లము జ్ఞప్తికి వచ్చును. దొంగచీమ విషయమున ఈ జ్ఞాపకము తప్పుదారి పట్టించును. దీనికి మిక్కిలి ప్రీతియైనవి క్రొవ్వును, మాంసకృత్తులును. చచ్చిన పురుగులు, పురుగుల గ్రుడ్లు, మాంసము, వెన్న, జున్ను, నూనెగింజలు దీని యాహారము. అమెరికాలో దీనికి 'జిడ్డుచీమ' యను పేరు కూడ వచ్చుటకు ఇదియే కారణము. పేనుబంక మొదలగు పురుగులు విడుచు తీపిరసమును కూడ త్రాగును గాని, తీపి కొఱకు క్రొవ్వును విడువదు.

ఇచ్చట చీమల జీర్ణవిధానమును గుఱించి యొక మాట చెప్పవలెను. పెద్దదైన చీమ గట్టిపదార్థమును మ్రింగలేదు. సన్నని నడుము గుండ ద్రవము మాత్రమే దిగును. కనుక పనిచీమ గట్టి తిండిని కొఱికి, నలిపి, రసమును పీల్చుకొనును. తునకలను పుట్టలోని పిల్లపురుగులకు పెట్టును. కొఱివిచీమల వర్గమున ఎదిగిన పిల్లపురుగులే గట్టి మాంసకృత్తులను జీర్ణింపజేయునవి. ఆ పిమ్మట ఆహారము నోటినుండి నోటికి పుట్టయంతయు ప్రాకి రాణికి చేరును. బయట తిరుగు చీమలు పుట్టలోని జనాభాలో కొద్ది భాగమే. వానిని ఎన్నింటిని చంపినను రాణి మఱల కనుచునే యుండును. మనము పెట్టినది రాణి నోటికి చేరినగాని పుట్ట నశింపదు. మందు పెట్టు విద్యకంతకు ఇదియే మూలసూత్రము.

జొన్నచేలలో

పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున ఆఫ్రికా జొన్నరకములు అమెరికాలోని కాన్సాసు మైదానములకు చేరి, వర్షాభావమును తట్టుకొను పంటగా వ్యాపించెను. అచ్చటి రైతులు విత్తిన గింజ పలుచోట్ల మొలవకపోవుట చూచిరి. సాళ్లు త్రవ్వి చూడగా, గింజలోపలి పప్పంతయు తొలిచివేయబడి పొట్టు మిగిలియుండెను. ఆ పని చేయుచున్నది దొంగచీమయే. రైతులు దానికి తమ జొన్నరకము పేరే పెట్టి పిలువసాగిరి.

కాన్సాసు వ్యవసాయ కళాశాలకు చెందిన మెకాలక్, హేస్ అను నిద్దఱు కీటకశాస్త్రజ్ఞులు ఈ చీమ జీవితమును గుఱించి 1916లో ఒక నివేదికను ప్రకటించిరి. 1920లో హేస్ దీనినే విపులముగ వివరించుచు వేఱొక గ్రంథమును వెలువరించెను. వారి పరిశీలనలో రైతునకు ముఖ్యమైన సంగతి యిది: నష్టము చీమల సంఖ్యను బట్టి మాత్రమే కాక, గింజ మొలవక నేలలో నెన్ని దినములు పడియుండునో దానిని బట్టియు నుండును. వసంతమున నేల యింకను చల్లగా, చెమ్మగా నున్నపుడు తొందరపడి విత్తినచో గింజ మొలకెత్తుట ఆలస్యమగును. ఆ ఆలస్యమే చీమకు విందు. నేల వెచ్చబడిన తరువాత విత్తినచో గింజ కొలది దినములలో మొలచి చీమ నోటినుండి తప్పించుకొనును. జొన్న చక్కగా మొలచుటకు నేల వెచ్చదనము సుమారు 16 డిగ్రీల సెంటిగ్రేడునకు తగ్గరాదు. చీమను చంపుటకంటె గింజను త్వరగా మొలిపించుట మేలని వారి యనుభవము బోధించినది.

మన చేలలో నేల చల్లదనము సామాన్యముగా చిక్కు కాదు. కాని గింజను నేలలో నిలువచేయు కారణములు మనకును గలవు. వాన రాకముందే పొడినేలలో విత్తుట, పదును చాలకున్నను విత్తుట, లోతుగా విత్తుట, మొలకశక్తి సన్నగిల్లిన పాతగింజను వాడుట. ఈ నాలుగును గింజను ప్రమాదమున నుంచునవే. చీమయైనను, చెదయైనను, బూజైనను కనిపెట్టుకొనియుండునది ఆ దినముల కొఱకే. రెండవ మాఱు విత్తనము కొనుట యనగా రెండవ మాఱు అప్పు చేయుట. కనుక మొలకకు పట్టు దినములను తగ్గించు ప్రతి జాగ్రత్తయు అప్పును తగ్గించునదే.

మేలు

దొంగచీమను కేవలము శత్రువుగా నెంచుట న్యాయము కాదు. జపాను పెంకుపురుగు 1916లో అమెరికాలో మొదట కనబడి, పచ్చిక వేళ్లను తిని పాడుచేయుచు వ్యాపించెను. 2001లో ఇండియానా రాష్ట్రమున ప్రకటితమైన పరిశోధనలో, పచ్చికనేలలో ఆ పెంకుపురుగు గ్రుడ్లను తినివేయు జీవులలో దొంగచీమ ముఖ్యమైనదని తేలినది. మన వేరుసెనగ, చెఱకు చేలను పాడుచేయు వేరుపురుగులు కూడ ఆ పెంకుపురుగు కుటుంబములోనివే. జొన్నగింజను తిన్న నోరే శత్రువు గ్రుడ్డును కూడ తినినది. గ్రుడ్డును వెదకు చీమకు గింజ దొరికినపుడు గింజను విడువదు. అంతే కాని దానికి మనమీద పగ లేదు.

మన దేశపు చుట్టము

మన గట్లమీది కొఱివిచీమ పేరు సోలెనాప్సిస్ జెమినాటా. 1804లో ఫాబ్రీషియస్ దీనిని వర్ణించెను. దీని పుట్టినిల్లు అమెరికా ఉష్ణప్రాంతము. పదునాఱవ శతాబ్దమున స్పెయినువారి యోడలు మెక్సికోనుండి మనీలాకు నడచినపుడు వానిలోని మట్టితో గూడ ఈ చీమ సముద్రము దాటినదని 2015లో ప్రకటితమైన జన్యుపరిశోధన తెలుపుచున్నది. మన దేశపు చీమలను గుఱించి బింగ్‌హామ్ వ్రాసి 1903లో వెలువరించిన గ్రంథమున ఇది చేరియున్నది. అంతకు పూర్వమే, నెల్లూరున వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ దక్షిణదేశపు చీమల పట్టికను 1851లో మద్రాసునుండి ప్రకటించెను. తెలుగునేలతో పరిచయము గలవాడే మన చీమలకు తొలి పట్టిక వ్రాసినవారిలో నొకడగుట గమనింపదగినది.

కొఱివిచీమ మీసము కూడ పదికీళ్లదే, గద రెండు కీళ్లదే. కాని ఆకారమున భేదము సులభముగ తెలియును. ఇది దొంగచీమకంటె చాల పెద్దది. ఒకే పుట్టలో చిన్నవి, పెద్దవి, చతురపు తల గల బంటుచీమలు కలసియుండును. బంటుచీమల పని గింజలను నలుపుట. పుట్టలో గింజల గాదెలు కూడ నుండును. నారుమళ్లలో చల్లిన సన్నగింజలను ఎత్తుకొనిపోవుట మన రైతు లెఱిగినదే. హవాయి ద్వీపముల చెఱకు తోటలలో ఈ చీమ బిందుసేద్యపు గొట్టములను కొఱికి రంధ్రములు చేసినది. బిందుసేద్యము చేయువారు ఇది గుర్తుంచుకొనవలెను. ఇక మేలు చూతమన్నచో, వరిచేలలో సుడిదోమ మొదలగు పురుగులను తినివేయుటలో దీని పాత్ర గొప్పదని వరి శాస్త్రజ్ఞులు 2009లో వివరించిరి. చుట్టము గుణమే చుట్టమునకు వచ్చినది.

చేయవలసిన పనులు

ఒకటి: మొలవని చోట త్రవ్వి చూడవలెను. గింజ మెత్తబడి బూజు పట్టియున్నచో దోషము తడిది లేక విత్తనముది. మట్టిపూత యున్నచో చెదలు. పొట్టు మిగిలి లోపల బోలుగా నున్నచో చీమనో, మఱియొక తొలిచెడు పురుగునో అనుమానింపవలెను. గింజయే లేనిచో ఎత్తుకొనిపోవు చీమనో, ఎలుకనో, పక్షినో వెదకవలెను.

రెండు: విత్తుటకు ముందు నూఱు గింజలను తడి గోనెగుడ్డలో చుట్టి మొలకలు లెక్కింపవలెను. ఎన్ని మొలచెననుటయే కాదు, ఎన్ని దినములకు మొలచెననుటయు వ్రాసికొనవలెను. ఆలస్యముగ మొలచు గింజ చీమకు అప్పగించిన గింజ. సరియైన పదునున, తగిన లోతున విత్తుట దీనికి తోడు.

మూడు: చీమ రుచిని పరీక్షింపవలెను. ఒక ఆకుమీద బెల్లపునీటి చుక్క, వేరుసెనగ ముద్ద, ఎండుచేప తునక జానెడు దూరమున విడివిడిగా నుంచి, చీమల బారు ప్రక్కన పెట్టి, గడియసేపు గడచిన పిమ్మట చూడవలెను. ఏ తిండిమీద గుంపు కట్టునో ఆ తిండితోనే మందు కలపవలెను. బెల్లము మీదనే గుంపు కట్టు చీమకు నూనెముద్ద పెట్టుటయు, జిడ్డుచీమకు పానకము పెట్టుటయు వ్యర్థము. చీమల కోరిక ఋతువును బట్టి మాఱుచుండును గనుక ఈ పరీక్షను అప్పుడప్పుడు మఱల చేయవలెను.

నాలుగు: ఇండ్లలోను, గిడ్డంగులలోను పెట్టు ఎఱ మెల్లగా చంపునదై యుండవలెను. 1990 తరువాతి దశాబ్దమున అమెరికాలో జరిగిన పరీక్షలలో, నూటికి పదిపాళ్లు చక్కెర గల నీటిలో నూటికొక పాలు మాత్రమే బోరికు ఆమ్లము కలిపినది తీపి మరిగిన చీమల పుట్టలను అణచెను. మందు ఎక్కువ కలిపినచో చీమ దారిలోనే చచ్చును, రాణికి చేరదు. జిడ్డు కోరు చీమలకు చక్కెరనీటికి బదులు వేరుసెనగ ముద్ద వంటిది ఎఱగా వాడవలెను. ఎఱ పెట్టినచోట పురుగుమందు చల్లరాదు. చల్లినచో ఫారోచీమ వంటివి చెదరి, పిలకలు వేసిన పైరువలె ఒక పుట్ట నాలుగు పుట్టలగును. ఎఱను పిల్లలకు, పశువులకు, కోళ్లకు అందకుండ ఉంచుట పెట్టినవారి బాధ్యత.

ఐదు: ఒకప్పుడు చీమలనిన బి.హెచ్.సి. పొడిని నేలమీద చల్లుట వాడుక. ఆ మందు నేలలో, పాలలో, మన యొడలిలో నిలిచియుండునని తెలిసి, 1997లో మన దేశమున నిషేధింపబడినది. పాత డబ్బాలలో మిగిలినది ఎవరి యింట నున్నను వాడరాదు. గట్లమీది చీమల పుట్టలన్నింటిని పనిగట్టుకొని నాశనము చేయుట మన పురుగులకు కావలివారిని మనమే పంపివేయుట. నారుమడి ప్రక్కనో, గొట్టముల ప్రక్కనో, నడకదారినో ఉన్న పుట్టను మాత్రము తొలగించిన చాలును.

ఆఱు: విత్తన గిడ్డంగిలో ఒలికిన నూనె, చిట్లిన వేరుసెనగ పప్పు, చచ్చిన పురుగులు నిలువ నీయరాదు. ఇవి నేలమీద వదలుట దొంగచేతికి తాళము ఇచ్చుటయే. బస్తాలను గోడకు తగులకుండ చెక్కలమీద పేర్చి, క్రింద చీపురు తిరుగుటకు చోటుంచవలెను.

పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దమునకు పెద్ద వెల యేమియు లేదు. ప్రతి సహకార సంఘమును ఒకటి కొని గిడ్డంగిలో నుంచినచో ఊరివారందఱికి నుపయోగపడును. మొలక తప్పిన చేలు గల సభ్యులు పది గింజలను, దొరికిన చీమలను ఒక కాగితపు పొట్లములో సంఘమునకు తెచ్చి, ఏ పంటయో, విత్తి యెన్ని దినములైనదో, వాన యెప్పుడు పడినదో వ్రాయించవలెనని మా మనవి. పది యూళ్లనుండి వచ్చిన పది పొట్లములు చూచినగాని ఏ నేలలో ఏ చీమ ఏ గింజను తినుచున్నదో స్పష్టముగ చెప్పలేము. అట్లు వచ్చిన సమాచారమును ఈ పత్రికలో ప్రకటింతుము. అంతవఱకు సోదరులు మందుడబ్బాకు ముందు గునపమును చేత బట్టుదురు గాక.